ఎదురు తప్పు

ఒకటో రోజు

నా పేరు లోవతల్లి. వయసు ఇరవై తొమ్మిది. ఈ రోజు నుంచి మొగలిలంకకు శిక్షణ సరంగుని. ఇది నాకు మూడో ఉద్యోగం. మొదటి రెండూ ఎందుకు పోయాయో ఇప్పుడే రాసి కొత్త పుస్తకం పాడుచేయను.

తాతల కాలంలో సరంగు అంటే గోదావరి మీద లాంచీ నడిపేవాడట. ఇప్పుడు ఊళ్ళే నడుస్తున్నాయి కాబట్టి ఊరిని నడిపేవాళ్ళం సరంగులం. మా లంకలో తొమ్మిది వందల మంది మనుషులు, నలభై గేదెలు, లెక్కకు ఒక చోట నిలబడని కోళ్ళు, అన్నీ పీపాల మీద తేలుతుంటాయి. వేసవంతా సముద్రంలో ఉంటాం. తుఫాన్లు మొదలయ్యేలోపు, జ్యేష్ఠ పున్నమి పోటు మీద గుమ్మం దాటి గోదావరి లోపలికి వెళ్ళి తలదాచుకుంటాం. గుమ్మం అంటే మునిగిపోయిన పాత వంతెన స్తంభాల మధ్య సందు. ఈ రోజు నుంచి లెక్కపెడితే పున్నమి నలభై నాలుగో రోజున. ఆ రోజు చుక్కాని పట్టి లంకను గుమ్మం దాటిస్తే నాకు పట్టా వస్తుంది. దాటించలేకపోతే నాలుగో ఉద్యోగం వెతుక్కోవాలి.

నా గురువు కామాయమ్మగారు. అరవై మూడేళ్ళ మనిషి, నిండుగా ఉంటారు, నవ్వితే పక్క వీధి వాళ్ళు ఏమైందని అడుగుతారు. వచ్చీ రాగానే ఈ పుస్తకం నా చేతిలో పెట్టారు. ఎడమ పేజీ నాది, కుడి పేజీ ఆవిడది. నేను తప్పు చేస్తే ఎడమ పక్క రాయాలి. అదే రోజు ఆవిడ తన తప్పొకటి కుడి పక్క రాయాలి. దీన్ని ఎదురు తప్పు అంటారు, లంకలు తేలిన నాటి నుంచి సరంగుల ఆచారం ఇదే. గురువు దగ్గర రాయడానికి తప్పు లేకపోయిన రోజున శిక్షణ ఆగిపోతుంది, శిష్యులు ఇంటికి పోవాలి.

"మీ దగ్గర ఎన్ని ఉన్నాయండి?" అని అడిగాను.

"నీకు సరిపడా ఉన్నాయిలేవే" అన్నారు.

రెండో రోజు

పొద్దున్న పనులు మూడు. సోలార్ పలకల మీది ఉప్పు తుడవడం, లంగరు తాళ్ళు చూడడం, ఆ తర్వాత మట్టం చూడడం. మట్టం అంటే తూర్పు అంచు నుంచి పడమటి అంచు దాకా లంక కింద వేసిన రంగునీళ్ళ గొట్టం. తాపీ మేస్త్రీలు వాడేదే, కాకపోతే బాగా పొడవు. లంక తూర్పుకి ఒరిగితే పడమటి పీపాలకి కుళాయి తిప్పి సముద్రపు నీళ్ళు నింపాలి. పడమరకి ఒరిగితే తూర్పు పీపాలకి. నింపడం క్షణంలో పని. తోడడానికి మాత్రం సోలార్ పంపు పూటంతా మూలగాలి.

మట్టం గది పడమటి చివర, కిటికీ లేకుండా, ఎండుచేపల వాసనతో ఉంది. మిగతా పనులు ముగించుకుని అక్కడికి చేరేసరికి ఎనిమిదైంది. లంక తూర్పుకి అర వేలి మందం ఒరిగి ఉంది. ఒక పీపా నింపాను, సమమైంది. సొంతంగా చేసిన మొదటి సర్దుబాటు. గర్వంగానే ఉంది.

ఐదో రోజు

మధ్యాహ్నం భోజనాల గంట ఒకసారి కొట్టాలి. రెండుసార్లు కొడితే లంక మునుగుతోందని అర్థం. మొదటిసారి సరిగా మోగలేదేమోనన్న అనుమానంతో నేను ఇంకొకసారి కొట్టాను. తొమ్మిది వందల మంది లైఫ్ జాకెట్లు తగిలించుకుని బయటికి వచ్చారు. ఒకాయన తల నిండా కుంకుడు నురుగుతో వచ్చి, విషయం తెలిశాక నా వంక చూసిన చూపు ఈ జన్మకి మర్చిపోను.

ఎడమ పేజీలో రాశాను. కామాయమ్మగారు చదివి, కళ్ళజోడు సర్దుకుని, కుడి పేజీలో ఇలా రాశారు:

"నేను పట్టా తీసుకున్న ఏడాది, లంగరు గుంజ అనుకుని పక్క లంక గుంజకి తాడు కట్టేను. రెండు లంకలూ కలిసి తొమ్మిది మైళ్ళు కొట్టుకుపోయేం. ఆళ్ళు నన్ను నోటికొచ్చినట్టు తిట్టేరు. తర్వాత ఆ లంకతో మనకి రెండు సంబంధాలు కుదిరేయి."

చదివి నవ్వాను. తప్పు చేసిన రోజున నవ్వడం నాకు ఇదే మొదలు.

తొమ్మిదో రోజు

ఈ రోజు ఏ తప్పూ లేదు. అందుకని దాటేసిన సంగతి రాస్తాను.

నా మొదటి ఉద్యోగం సోలార్ పలకల కర్మాగారంలో, దొరబాబుగారి దగ్గర. పని బాగా తెలిసిన మనిషి. ఆయన జీవితంలో ఒక్క తప్పు చేయలేదు, ఆయన మాటల్లోనే. ఏది విరిగినా ఎవరు విరగ్గొట్టారన్నది ముందు తేలాలి, తేలాక ఆ రోజంతా అదే పాట. ఆరు నెలల్లో పలకలు చేయడం అంతంతమాత్రం నేర్చుకున్నాను. విరిగినవి దాచడం మాత్రం అద్భుతంగా నేర్చుకున్నాను. అవి బయటపడిన రోజున ఉద్యోగం పోయింది. రెండో చోట దొరబాబుగారు లేకపోయినా దాచే అలవాటు నాతోనే వచ్చింది, అదీ పోయింది.

ఇదంతా కామాయమ్మగారికి చెప్పేశాను. ఇక మూటాముల్లే సర్దుకోవాలేమో అనుకుంటూ చెప్పాను.

"ఎక్కడ దాచేదానివే అయ్యన్నీ?" అని అడిగారు.

"హాస్టల్లో బియ్యం డబ్బాలోనండి."

"మంచి చోటే" అని తాడు ముడి వేయడంలో పడ్డారు.

పద్దెనిమిదో రోజు

లంక రోజూ తూర్పుకి ఒరుగుతోంది. నేను రోజూ ఎనిమిదింటికి చూసి, పడమటి పీపాలు నింపి సమం చేస్తున్నాను. ఇప్పటికి పన్నెండు నింపాను. వేసవిలో ప్రవాహాలు మారతాయని శిక్షణ పుస్తకంలో ఉంది. నేను రాసే మట్టం లెక్కలు కామాయమ్మగారు చదివి సంతకం పెడుతున్నారు.

కూరగాయల పడవ ఏసుబాబు మామిడిపండ్లు తేవడం మొదలుపెట్టాడని విన్నాను. ఆ వేళకి నేను పనిలో ఉంటాను కాబట్టి నాకు దక్కవు.

ముప్ఫై ఒకటో రోజు

ఊళ్ళో ఫిర్యాదులు. ఉయ్యాల ఊపకుండానే ఊగుతోందని ఒకరు, తలుపు గడియ పెడితేగాని నిలవడం లేదని ఒకరు. గంగాభవానిగారైతే పెనంతో సహా ఆఫీసుకి వచ్చారు.

"దోసె పోస్తే చెవి ఆకారంలో వస్తందమ్మా. పిల్లలు నవ్వుతున్నారు. లంక పడమరకి ఒరిగింది, చూసుకోండి."

"మట్టం సమంగా ఉందండి. ఈ రోజు పొద్దున్నే చూశాను. మీ పెనమే వంకరేమో."

ఆవిడ పెనం చంకలో పెట్టుకుని వెళ్ళిపోయారు. మూల కూర్చుని తాళ్ళు పేనుతున్న కామాయమ్మగారు అంతా విన్నారు.

"గొట్టం అబద్ధం చెప్పదు కదండీ" అన్నాను, నా వైపు మాట్లాడతారని.

"చెప్పదు. గంగాభవాని కూడా చెప్పదే" అన్నారు. పేనుతున్న తాడు పక్కన పెట్టి, "రోజూ ఇక్కడ ఒక్కదానివే కేరేజీ తింటన్నావు. ఒక పూట ఆళ్ళింటికెళ్ళి తిను. నేను చెప్పేనని చెప్పు" అన్నారు.

పెనం వంకర అన్నాక ఆ ఇంటికి ఏ ముఖం పెట్టుకుని వెళ్ళాలి. ఇప్పటికి పని ఉందని తప్పించుకున్నాను.

ముప్ఫై ఎనిమిదో రోజు

వారం రోజులు తప్పించుకుని ఈ రోజు ఆ ఇంటికి వెళ్ళాను. గంగాభవానిగారు ఏమీ మనసులో పెట్టుకోకుండా పీట వేశారు. ముద్దపప్పు, ఆవకాయ, వంకాయ కూర, తర్వాత చారు. చారు పోయగానే అన్నాన్ని వదిలేసి కంచంలో పడమటి అంచుకి పోయి నిలబడింది. గ్లాసులో నీళ్ళు చూశాను, అవీ అంతే. వాళ్ళ పిల్లవాడు గోళీ ఒకటి గచ్చు మీద పెట్టి వదిలాడు. అది తాపీగా దొర్లుకుంటూ గది దాటి, వసారా దాటి, పడమటి గోడకి కొట్టుకుంది.

ఎంగిలి చేత్తోనే మట్టం గదికి పరిగెత్తాను. పడమరకి ఏడు వేళ్ళు. పొద్దున ఎనిమిదింటికి సమంగా ఉన్న గొట్టమే, మధ్యాహ్నం ఒంటిగంటకి ఏడు వేళ్ళు చూపిస్తోంది. గుమ్మం దాటడానికి రెండు వేళ్ళకి మించి ఒరగకూడదు. అంతకంటే ఒరిగితే ఆ పక్క పీపాలు మునిగిన వంతెన రోడ్డుని గీరుకుని పగులుతాయి. దాటకపోతే తుఫాన్ల నెలలు నడిసముద్రంలో గడపాలి. పున్నమి ఆరు రోజుల్లో ఉంది.

ముప్ఫై తొమ్మిదో రోజు

ఎనిమిదింటికి మట్టం గదికి పోకుండా మొదటిసారి తూర్పు అంచుకి వెళ్ళాను. ఊరంతా అక్కడే ఉంది. ఐదు వందల మందికి తక్కువ ఉండరు. ఏసుబాబు పడవలో గంపల మీద గంపలు, రసాలు, బంగినపల్లులు, చెరుకు రసాలు. వరసలో మొట్టమొదట కామాయమ్మగారు సంచీతో నిలబడి, పండు తొడిమ దగ్గర వాసన చూస్తున్నారు.

అప్పుడు అర్థమైంది. లంక తనంతట తాను ఏ రోజూ ఒరగలేదు. జనం పడవ దగ్గరికి రావడంతో తూర్పు బరువెక్కింది. నేను సరిగ్గా ఆ వేళకే, వాళ్ళు కనబడని గదిలో కూర్చుని, వాళ్ళ బరువుకి సరిపడా పడమర నీళ్ళు నింపాను. కూరగాయల రోజుల్లో కొంచెం, మామిడిపండ్లు వచ్చాక బోలెడు. మొత్తం ముప్ఫై పీపాలు. జనం ఇళ్ళకి పోగానే లంక పడమరకి వాలిపోతోంది. నేను మర్నాడు ఎనిమిదిదాకా మళ్ళీ మట్టం చూడను.

నిజం రాస్తున్నాను. ముందు బియ్యం డబ్బాయే గుర్తొచ్చింది. పీపాలకి చిల్లు పడిందని రాయొచ్చు. పేజీ తడిసి చిరిగిందని చెప్పొచ్చు. మధ్యాహ్నం దాకా పుస్తకం ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. నా భయం తిట్లకి కాదు. ఇంత పెద్ద తప్పుకి ఎదురు తప్పు ఆవిడ దగ్గర ఎక్కడుంటుంది? లేదని ఆవిడ కలం మూసేస్తే నా కథ అక్కడితో సరి.

అయినా మొత్తం రాసి ఇచ్చాను. గంగాభవానిగారి పెనం గురించి కూడా రాశాను.

ఆవిడ రెండుసార్లు చదివారు. తర్వాత కుడి పేజీలో రాశారు:

"శిష్యురాలు మట్టం రాసిన రోజులన్నీ చదివి సంతకం పెట్టేను. ఏ వేళకి చూసేవే అని ఒక్క రోజూ అడగలేదు. ఊరు లేచేక, ఊరు కదలకముందు చూడాలని మా గురువు నాకు మొదటి రోజే చెప్పేడు. నేను దీనికి చెప్పడం మర్చిపోయేను. అంతా తెలుసుకోవలసిన దాన్ని, రోజూ ఎనిమిదింటికి మామిడిపళ్ళ వరసలో ముందు నిలబడ్డాను. లంక ఒరిగిన దాంట్లో నా బరువూ ఉంది."

ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది. దేన్నీ ఆపుకోలేదు. ఆవిడ సంచీలోంచి ఒక రసం తీసి నా చేతిలో పెట్టి, "తిను. రేపు ఊరికి చెప్పాలి" అన్నారు.

నలభయ్యో రోజు

సభకి బయల్దేరే ముందు కామాయమ్మగారు ఆఫీసు తలుపు దగ్గర ఆగి అడిగారు. "నన్ను చెప్పమంటే చెప్తాను. నువ్వు చెప్తానంటే పక్కన కూర్చుంటాను. ఏది కావాలే?"

"నేనే చెప్తానండి."

లంక పెద్ద పేరు పెద్దింట్లు. ఆయన ముందు ఊరంతా కూర్చుంది. నేను లేచి మొదటి నుంచి చెప్పాను. మధ్యలో రెండుచోట్ల ఆగిపోయాను. ఆగిన రెండుసార్లూ కామాయమ్మగారు అందించడానికి ప్రయత్నించలేదు, నేను మళ్ళీ మొదలుపెట్టేదాకా అలాగే కూర్చున్నారు. తర్వాత పెద్దింట్లుగారు పుస్తకం తీసుకుని రెండు పేజీలూ పైకి చదివారు. మామిడిపండ్ల వరస దగ్గరికి వచ్చేసరికి ఎవరో నవ్వారు. ఆ వరసలో నిలబడనివాళ్ళు సభలో నేను తప్ప ఎవరూ లేరు.

నవ్వు తగ్గాక ఆయన అసలు మాట అన్నారు. "సరేనమ్మా, జరిగిందేదో జరిగింది. గుమ్మం రోజున మటుకు చుక్కాని మీరు పట్టండి కామాయమ్మగారూ. తొమ్మిది వందల ప్రాణాలు."

చాలామంది తలలూపారు. నేనైనా అదే అనేదాన్ని.

"లంక ఎందుకొరిగిందో ఊళ్ళో అందరికంటే ముందు కనిపెట్టింది ఈ పిల్లే" అన్నారు కామాయమ్మగారు. "కనిపెట్టి దాచకుండా తెచ్చి చూపించింది. నా కళ్ళ ముందు జరిగినా నాకు కనబడలేదు. ఇద్దరిలో ఎవరి చేతిలో ఉంటే మంచిదో మీరే ఆలోచించండి."

పెద్దింట్లుగారు గడ్డం గోక్కున్నారు. "రెండు వేళ్ళకి దిగితే అమ్మాయి పట్టుకుంటుంది. దిగకపోతే మీరు" అన్నారు. అలా తేలింది.

నలభై రెండో రోజు

మబ్బులు. సోలార్ పంపు ముసలివాడిలా దగ్గుతోంది. నాలుగు రోజుల్లో పన్నెండు పీపాలే ఖాళీ అయ్యాయి. ఇంకా పద్దెనిమిది ఉన్నాయి. పడమరకి నాలుగు వేళ్ళ పైనే. తూర్పు పీపాలు నింపి సరిచేద్దామంటే లంక మొత్తం దిగిపోయి గుమ్మంలో అడుగు తగులుతుంది.

కామాయమ్మగారు తాళ్ళు ఆరబెడుతున్నారు. వెళ్ళి పక్కన కూలబడ్డాను.

"ఏం చేయమంటారండి?"

"నీకేం తోస్తందే?"

"మీకు తెలిస్తే చెప్పేయొచ్చు కదండీ. రెండు రోజులే ఉంది."

"నాకు తెలిసిందేదో తర్వాత. నువ్వు చెప్పు ముందు."

విసుగొచ్చింది. దొరబాబుగారైతే ఈపాటికి తిట్టి ఏదో ఒకటి చెప్పేవారని కూడా అనిపించింది. కాళ్ళు నీళ్ళలో పెట్టుకుని కూర్చున్నాను. ఆవిడ ఒక తాడు ఆరబెట్టి ఇంకొకటి తీసుకున్నారు. తొందరపెట్టలేదు.

"ఎనిమిదింటికి రోజూ సమంగానే ఉండేది కదండీ" అన్నాను చివరికి.

"ఉండేది."

"పోటు తొమ్మిదింటికి."

"అవును."

"అయితే జనాన్ని తూర్పున ఇంకో గంట నిలబెడితే చాలు. పద్దెనిమిది పీపాలకి మూడు వందల నలభై మంది సరిపోతారు."

ఆవిడ చేతిలో తాడు ఆగింది. "నాకు తట్టలేదే" అన్నారు. నిజంగానే తట్టలేదో, తట్టినా నోరు మెదపలేదో నాకు తెలియదు. అడిగితే మామిడిపండ్ల మీదికి మాట మార్చారు.

నలభై మూడో రోజు

ఇల్లిల్లూ తిరిగి మూడు వందల నలభై మందిని రాసుకున్నాను. బరువులు అడిగితే ఆడవాళ్ళందరూ పది కిలోలు తగ్గించి చెప్పారు, మగవాళ్ళు ఐదు పెంచి చెప్పారు. అన్నీ సరిచేసుకున్నాను. గంగాభవానిగారు మాత్రం నిజం చెప్పి, "మా పెనం కూడా తెమ్మంటావా?" అని అడిగారు. తెమ్మన్నాను.

నలభై నాలుగో రోజు

ఎనిమిదిన్నరకి ఏసుబాబుని గంపలతో సహా లంక ఎక్కించాం. తూర్పు అంచున అతను, అతని ముందు మూడు వందల నలభై మంది. చుక్కాని పక్కన గ్లాసుతో నీళ్ళు పెట్టుకుని, దాని మీద మట్టం వేళ్ళకి సరిపడా గీతలు గీసుకున్నాను. ఇంకా పడమరకి ఒకటిన్నర వేళ్ళు మిగిలింది, జనం చెప్పిన బరువులు నేను సరిచేసింది చాలినట్టు లేదు. పెద్దింట్లుగారు వచ్చి గ్లాసు చూసి, నన్ను చూసి, తూర్పుకి వెళ్ళి నిలబడ్డారు.

స్తంభాలు దగ్గరకొస్తున్నాయి. కామాయమ్మగారు కొంగు దోపుకుని లేచారు.

"ఎక్కడికండి?"

"తూర్పుకి. నీ చీటీలో నా బరువు కూడా ఉంది కదే."

"మీరు పక్కనుంటారనుకున్నాను."

"ఉంటే నువ్వు స్తంభాన్ని చూడవు, నా మొహం చూస్తావు" అని తలుపు దగ్గరికి వేసి వెళ్ళిపోయారు.

గుమ్మంలోకి ముక్కు పెట్టాం. రెండు పక్కలా నాలుగేసి గజాల ఖాళీ. లంక చెప్పిన మాట వింటోంది. సగం లోపలికి వెళ్ళాక పడమటి స్తంభం మీద పాత కాలపు సినిమా పోస్టరు ఒకటి, రంగులు వెలిసినా మొహం తెలిసేలా, నాచులోంచి బయటపడింది. ఎవరో "అదిగో" అన్నారు. మూడు వందల నలభై మందీ మెడలు సాచారు. మెడల వెనక కాళ్ళు కదిలాయి. ఒక్కొక్కరు రెండేసి అడుగులు, అంతే. గ్లాసులో నీళ్ళు రెండో గీత దాటాయి. పడమటి పీపా కింద ఏదో గీరుకున్న చప్పుడు నా అరికాళ్ళకి తెలిసింది.

మైకు తీసుకుని "అందరూ వెనక్కి జరగండి" అన్నాను. అందరూ అన్న మాట ఎవరికీ తగల్లేదు. ప్రతివాళ్ళూ పక్కవాళ్ళు జరుగుతారని చూస్తున్నారు. వాళ్ళ మధ్యలో, మిగతావాళ్ళకి మల్లేనే పోస్టరు వైపు తల సాచి, కామాయమ్మగారు కనబడ్డారు. నా గురువుని ఊరందరి ముందు తప్పు పట్టాలి. ఇంకో రకంగా ఊరు కదలదు. రెండున్నర వేళ్ళు.

"కామాయమ్మగారూ" అన్నాను మైకులో. "మీరు నిలబడాల్సిన చోటు అది కాదు. తూర్పుకి రెండడుగులు వేయండి."

ఆవిడని అలా పిలిచి చెప్పినవాళ్ళు ఈ లంకలో లేరు. ఆవిడ వెనక్కి తిరిగి, అంత దూరం నుంచి నన్ను సూటిగా చూశారు. ఆ తర్వాత మైకు అక్కర్లేని ఆ గొంతుతో, ఊరు మొత్తానికి వినబడేలా జవాబిచ్చారు.

"ఆయ్. అలాగేనండి, సరంగుగారూ."

అని రెండడుగులు తూర్పుకి వేశారు. ఆవిడ వెనకే పెద్దింట్లుగారు, పెనంతో గంగాభవానిగారు, తర్వాత ఊరంతా. గ్లాసులో నీళ్ళు రెండో గీత కిందికి దిగాయి, అరికాళ్ళ కింద గీరుడు ఆగింది.